కొట్టివేతలు లేని కాగితం

రిజిస్టర్ పోస్టులో పంపిన అగ్రిమెంటు రిజిస్టర్ పోస్టులోనే తిరిగొచ్చింది. కరుణాకర్ కవరు చింపి చూశాడు. ఎర్రసిరాతో కొట్టేసిన రెండు పేరాలూ అలాగే ఉన్నాయి. వాటి పక్కన మార్జిన్‌లో తను పెట్టిన పొట్టి సంతకాలూ, కంపెనీ ముద్రా, చివరి పేజీ అడుగున డాక్యుమెంట్ రైటర్ రహీమ్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన "రెండు కొట్టివేతలు గలవు" అన్న మాటా అన్నీ భద్రంగా ఉన్నాయి. పైన పిన్ను గుచ్చిన చిన్న ఉత్తరం ఒక్కటే కొత్తది.

"చదువు చెల్లె," అని దాన్ని నవత ముందు పడేశాడు.

నవత చదివింది. అగ్రిమెంటును ఆన్‌లైన్‌లో ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి. కొట్టివేతలు చెల్లవు. ఒప్పుకోనివారికి సర్టిఫికెట్ సౌకర్యం ఉండదు. ఇంతే సంగతి, కింద ఎవరి పేరూ లేదు.

"అరె, ఒక్క గీత కొట్టనియ్యరా!" కరుణాకర్ కుర్చీలోంచి లేచాడు. "ఇల్లు అమ్మినా, పొలం కౌలుకిచ్చినా ఇద్దరు కూసుంటరు, నచ్చనిది కొట్టేసుకుంటరు, సంతకాలు పెట్టుకుంటరు. రహీమ్ భాయ్ జిందగంత గదే పని చేసిండు. గీళ్లకు మాత్రం కొట్టివేతలు చెల్లయంట! ఏం మనుషులో ఏమో!"

సుల్తానాబాద్ మెయిన్ రోడ్డు మీద ఎరువుల దుకాణం పైన ఉంది కరుణాకర్ ఆఫీసు. ఒకప్పుడు కేబుల్ టీవీ, ఇప్పుడు ఇంటర్నెట్. ఊళ్లోనూ, మంథని దారిలోని పల్లెల్లోనూ కనెక్షన్లున్నాయి. మిషన్లన్నీ చూసుకునేది ఇంజినీరింగ్ చదివిన నవత. స్తంభాలెక్కి వైర్లు చూసుకునేది పరశురాములు.

ఈ సర్టిఫికెట్ గొడవ మొదలుపెట్టింది నవతే. ఇంటర్నెట్‌లో కరుణాకర్ కంపెనీకి కొన్ని నంబర్లున్నాయి. ప్రపంచంలో ఎక్కడి నుంచి ఏది రావాలన్నా ఆ నంబర్లను బట్టే సుల్తానాబాద్ దారి పడుతుంది. ఆ నంబర్లు తమవేనని ఇంకెవరైనా చాటుకుంటే, రావలసినవన్నీ అటు మళ్లిపోతాయి. ఫలానా నంబర్లు ఫలానా వాళ్లవేనని సంతకంతో కూడిన సర్టిఫికెట్ ఒకటి ఉంటే దారిలో ఉండే కంపెనీల వాళ్లు తప్పుడు చాటింపును నమ్మరు. సర్టిఫికెట్ ఉచితమే. కాకపోతే ముందు నంబర్లిచ్చే సంస్థ అగ్రిమెంటు ఒప్పుకోవాలి. కరుణాకర్ నంబర్లు తీసుకున్న రోజుల్లో అగ్రిమెంటూ లేదు, గిగ్రిమెంటూ లేదు. ఇప్పుడు కొత్తగా సంతకం పెట్టమంటే పెద్దపల్లిలో ఉండే వకీల్ రామచంద్రం దగ్గరికి పట్టుకుపోయాడు. వకీల్ చదివి, కళ్లద్దాలు తీసి, "ఎవనికి ఏ నష్టమొచ్చినా పూచీ నీదేనట. ఆళ్లకు ఏ పూచీ లేదట. మెడకు చుట్టుకుంటది కరుణాకర్," అన్నాడట. అప్పటి నుంచి నడుస్తోంది ఈ గీతల కథ.

"సంతకమే గదా అన్నా, ఏమైతది? దేశమంత పెడుతుండ్రు," అని నవత అంటూనే ఉంది. అందరూ పెట్టేదానికి ఈయనకే ఎందుకింత భయమని ఆమెకు లోలోపల విసుగు. నువ్వు మొత్తం చదివినవా అని కరుణాకర్ అడిగితే చదివిన అనేది. చదివింది మొదటి పేజీ.

ఉత్తరం ఇంకా బల్లమీదే ఉండగా ఫోను మోగింది. ఎర్రగుంటపల్లె వడ్ల సెంటర్ నుంచి వినోద. మహిళా సంఘం తరఫున ఆ సెంటర్ నడిపేది ఆమే.

"అన్నా, సైటు తెరుచుకుంటలే. లారీ నిలవడ్డది. పొద్దుగాల్నుంచి గుండ్రంగ తిరుగుడే తిరుగుడు. జర ఎవలనన్న తోలు, మొగులు జూస్తే భయమైతుంది."

సంచులు తూకం వేసి లారీకెత్తినా, వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించి చీటీ తీయనిదే లారీ కదలదు. ఆ ఊళ్లో సెల్ సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. యాసంగి వడ్లు కళ్లం నిండా పోసి ఉన్నాయి, పైన మబ్బు.

"పరశురాములును తోల్తున్నక్కా, ఫికర్ చెయ్యకు," అన్నాడు కరుణాకర్.

పరశురాములు అప్పటికే నిచ్చెన బండికి కట్టుకుంటున్నాడు.

•

మధ్యాహ్నానికి నవతకు సంగతి అర్థమైంది.

మిషన్లు బాగున్నాయి. వైర్లు బాగున్నాయి. కొన్ని సైట్లు చక్కగా తెరుచుకుంటున్నాయి, కొన్ని అసలు పలకడం లేదు. ఏమిటీ చోద్యమని తవ్వుకుంటూ పోతే తేలింది. సముద్రాల అవతల, పేరు కూడా నోరు తిరగని ఏదో కంపెనీ వీళ్ల నంబర్లను తమవని చాటుతోంది. కావాలని చేసి ఉండరు. ఎవడో ఒక అంకె కొట్టబోయి ఇంకొకటి కొట్టి ఉంటాడు. వాళ్లకు మెయిల్ రాసింది. జవాబు లేదు. తమకు లైను ఇచ్చే హైదరాబాద్ కంపెనీకి ఫోన్ చేసింది.

"మా దగ్గర మీదే నడుస్తోంది మేడమ్," అన్నాడు అక్కడి ఇంజినీరు. "మా అవతలి వాళ్లు ఆ చాటింపు వింటున్నారు. మీ నంబర్లకు సర్టిఫికెట్ ఉందా?"

"లేదు."

"ఉంటే చాలామంది దాన్ని అక్కడికక్కడే పారేసేవాళ్లు. ఇప్పుడు మీరూ మీవే అంటున్నారు, వాళ్లూ వాళ్లవే అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?"

"ఏండ్ల సంది మేమే వాడుతున్నం సార్!"

"అది మీకు తెలుసు, నాకు తెలుసు. మిషన్లకు తెలియదు కదా మేడమ్."

ఆమె కరుణాకర్‌కు చెప్పింది. పెద్దపల్లి బస్టాండులో మంథని బోర్డు పెట్టుకుని ఎవడో బస్సును ఇంకో దిక్కు తోలుకుపోతున్నాడనీ, ఎక్కినవాళ్లకు ఆ సంగతి తెలియదనీ చెప్పింది. ఆయన మొహం ఎర్రబడింది.

"నా నంబర్లు వాడెవడో చెప్పుకుంటే పోలీస్ స్టేషన్ల కేసు పెట్టరాదు?"

"ఏ స్టేషన్ల పెడ్తవన్నా?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సంతకం పెడితే ఐపాయె," అంది నవత.

"మల్ల గదే ముచ్చట! సరే, పెట్టిన. రేపు నువ్వే ఒక అంకె తప్పు కొడితివి. ఇంకెవనిదో పని బందయి కోట్ల నష్టమాయె. పూచీ ఎవలది? నీదా, నాదా?" కరుణాకర్ గొంతు పెరిగింది. "భయం నాకుంటది చెల్లె. నీకేం ఉంటది?"

నవత కంప్యూటర్ వైపు తిరిగింది. ఆ కంపెనీకి ఇంకో మెయిల్ రాయడం మొదలుపెట్టింది.

•

మర్నాడు కూడా సైటు తెరుచుకోలేదు. ఆఫీసులో కూర్చోలేక నవత స్కూటీ తీసుకుని ఎర్రగుంటపల్లె వెళ్లింది.

కళ్లం పక్కన స్తంభానికి నిచ్చెన ఆనించి ఉంది. కింద ప్లాస్టిక్ స్టూలు మీద తీగలు అతికే స్ప్లైసింగ్ మిషను పెట్టుకుని పరశురాములు గొంతుక్కూర్చున్నాడు. ఫైబర్ తీగ మీది తొడుగు వలిచి, వెంట్రుకలాంటి గాజుపోగును స్పిరిట్ అద్దిన దూదితో తుడిచాడు. ఒక్కసారే తుడవాలి, వెనక్కి తుడవకూడదు. కట్టర్‌లో పెట్టి టిక్కుమనిపించాడు. రెండు కొసలనూ మిషనులో ఎదురెదురుగా పడుకోబెట్టి మూత వేశాడు. గాలికి దుమ్ము పడకుండా వంగి ఛాతీ అడ్డం పెట్టాడు. చిన్న వెలుగు మెరిసి రెండు పోగులూ ఒకటయ్యాయి. మీటరు పెట్టి చూసి తల పంకించాడు.

"లైటు మస్తుగున్నది బిడ్డా. ఊరి దాంక ఉన్న అతుకులన్ని నిన్నటి సంది మల్ల ఏసిన. బాక్సు మార్చిన. పచ్చలైట్లే వెలుగుతున్నయ్. సైటు మాత్రం తెరుచుకుంటలే. ఏడ తప్పు జేస్తున్ననో సమజైతలే." ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోయినట్టు లేడు.

నిన్న మధ్యాహ్నమే తెలిసిన సంగతి ఈయనకు చెప్పాలని ఒక్కరికీ తట్టలేదు. నవత ఇప్పుడు చెప్పింది.

పరశురాములు దూది పారేసి నిలబడ్డాడు. "అయితే నాది తప్పు గాదు?"

"కాదన్నా. వైర్ల తప్పే లేదు."

"గా ముచ్చట జర వీళ్లకు చెప్పు బిడ్డా. పొద్దున్నుంచి ఒక్కొక్కడు ఒక్కొక్క మాట అంటుండు."

నవత వినోదకు చెప్పబోయింది. చుట్టూ రైతులు మూగారు. పరాయి దేశంలో ఎవరో నంబర్లు తప్పు కొట్టారని ఆమె అంటుంటే వాళ్లు ఆమెను కాదు, నిచ్చెనను చూస్తున్నారు.

"పరాయి దేశమోనికి మా వడ్లతోని ఏం పనమ్మా?" అన్నాడు నాగయ్య. లారీకెత్తిన సంచుల్లో సగం ఆయనవే. మిగతా కుప్ప కింద పోసి ఉంది. "వైర్ల తప్పు లేకుంటే గీయన రెండు దినాల సంది స్తంభం మీద ఏం కోస్తుండు?"

నవత కూడా నిచ్చెన వైపు చూసింది. పని చేస్తున్నాడు కాబట్టే తప్పు చేసినవాడిలా కనిపిస్తున్నాడు! ఆఫీసులో ఫ్యాను కింద కూర్చున్న తనను ఎవరూ ఏమీ అనడం లేదు. అంతలో కరుణాకర్ ఫోను.

"ఏడున్నవ్? సెంటర్‌లనా? సర్టిఫికెట్ ముచ్చట అక్కడ ఎత్తకు చెల్లె. కంపెనీదే తప్పని మీద వడ్తరు. రిపేరు నడుస్తుందని చెప్పు, చాలు."

"అన్నా, ఇక్కడ పరశురాములన్నను..."

"చెప్పిన గదా."

ఆమె ఫోను సంచీలో వేసుకుంది. వినోద ఆమె మొహంలోకి చూసింది. "ఏమంటుండు మీ సేటు?"

"రిపేరు నడుస్తుందట," అంది నవత. ఆ మాట అంటూ పరశురాములు వైపు చూడలేకపోయింది.

మూడు గంటలయ్యేసరికి చూసి చూసి విసిగిన లారీ డ్రైవర్ సంచులు దింపించి వేరే సెంటర్‌కు వెళ్లిపోయాడు. ఆపైన అరగంటకు గాలి లేచింది. ఆడవాళ్లు టార్పాలిన్లు పట్టుకుని పరుగెత్తారు. ఒక కొస కప్పితే ఇంకో కొస ఎగిరిపోతోంది. పరశురాములు కూడా మిషనును పెట్టెలో పెట్టేసి, టార్పాలిన్ కొస మీద రాయి పెట్టి రాయి మీద తను కూర్చున్నాడు. వాన దబదబా పడింది. పైనుంచి ఆపినా కిందినుంచి ఆపలేరు కదా. కళ్లం పల్లంగా ఉన్న వైపు నుంచి నీళ్లొచ్చి దింపిన సంచుల కింద చేరాయి. పోసిన కుప్పల అంచుల నుంచి వడ్లు పసుపురంగు నీళ్లతో కలిసి కాలువలోకి కదిలాయి. నాగయ్య మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో వాటిని వెనక్కి తోసుకుంటున్నాడు.

వాన వెలిశాక ఆయన లేచి నేరుగా స్తంభం దగ్గరికి నడిచాడు. నిచ్చెన లాగి సెంటర్ గుంజకు తాడుతో కట్టేశాడు. మిషను పెట్టె తీసుకెళ్లి వినోద కుర్చీ కింద పెట్టాడు.

"రాసిచ్చి తీసుకపోండ్రి," అన్నాడు. అరవలేదు, అందుకే ఎక్కువ భయం వేసింది నవతకు.

పరశురాములు బండి తడిసి స్టార్ట్ కాలేదు. నవత స్కూటీ వెనక కూర్చున్నాడు.

"మిషనుకు తడి తగలద్దు బిడ్డా," అన్నాడు ఊరు దాటాక. "వినోదక్కకు ఫోను జేసి జర బియ్యంల పెట్టుమను."

•

వినోద పొద్దున్నే ఫోన్ చేసింది. తడిసిన వడ్లు కొనాలంటే పైఆఫీసులో కారణం చూపించాలట. లారీ ఎందుకు కదల్లేదో, ఎవరి వల్ల కదల్లేదో ఎవరో ఒకరు రాసివ్వాలట. అది వచ్చేదాకా నిచ్చెనా రాదు, మిషనూ రాదు.

కరుణాకర్ ఆఫీసులో అటూ ఇటూ తిరిగాడు. కిటికీ తెరిచాడు, మూశాడు. కంపెనీ పేరు మీద రాసిస్తే నష్టమంతా అడుగుతారు. అందరి ముందూ చివరికి ఒక మాట తేల్చాడు.

"పరశురాములు పేరు మీద రాస్తం. నిర్లక్ష్యం నాదే అని రాస్తడు. ఆయన దగ్గర ఏమున్నదని వసూలు చేస్తరు? నాల్గు రోజులకు మర్చిపోతరు. ఏం పరశురాములు?"

పరశురాములు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "నిచ్చెన వస్తది గద సేట్?"

"వస్తది."

"మిషను?"

"అన్నీ వస్తయ్."

"పెడ్త తియ్యి."

"చెల్లె, నువ్వు తయారు చెయ్యి. ఒక్క దీనికే గాదు, ముందుముందు ఏమైనా కంపెనీకి సంబంధం లేదని గూడ ఉండాలె. ఆ ఇంగ్లీషు అగ్రిమెంటు లేదా, గసొంటిది. వకీల్ చదివి చెప్తే నాకే చెమటలు వట్టినయ్. గట్టిగుంటది."

నవత ఆయన మొహంలోకి చూసింది. పరాచికమాడుతున్నాడేమో అనుకుంది. కాదు.

తిరిగొచ్చిన కవరు తీసి, ఎర్రగీతల కింద ఉన్న పేరాలు చదవడం మొదలుపెట్టింది. మొదటిసారి. చదువుతున్న వరుస కింద ఎడమచేత్తో స్కేలు పెట్టుకుని, ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగులో రాసుకుంటూ చదివింది. ఎవరికి ఏ నష్టం కలిగినా. ఆ నష్టం నా చర్య వల్ల కలిగినా, కలగకపోయినా. ఎంత మొత్తమైనా. ఎప్పటికైనా. సంస్థకు ఎలాంటి బాధ్యతా లేదని, ఈ విషయమై సంస్థను ప్రశ్నించనని. ఆమె పెన్ను ఆగింది. దీన్నా తను ఇన్నాళ్లూ సంతకమే గదా అన్నది! కరుణాకర్ భయపడింది ఊరికే కాదు. ఆయనకు భయం వేసిన చోట సరిగ్గానే వేసింది. ఆ భయాన్నే ఇప్పుడు పరశురాములు పేరు మీద రాయమంటున్నాడు, తను రాస్తోంది. రాయనని లేచిపోవచ్చు. నిచ్చెన లేని లైన్‌మన్‌కు పనేం ఉంటుంది అనుకుంది. మొత్తం రాసింది.

•

రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడ వెంట రేకుల పందిరి కింద రహీమ్ బల్ల. తెల్లగడ్డం, జేబులో నల్లదొకటి, ఎర్రదొకటి రెండు పెన్నులు. నవత తెచ్చిన చిత్తును శుభ్రంగా తిరిగి రాసి, గాలికి ఎగరకుండా దాని మీద ఇత్తడి తాళం పెట్టాడు. రహీమ్‌కు తండ్రి నుంచి వచ్చిన పద్ధతి ఒకటుంది. కాగితం ఆయన చదివి వినిపించడు. ఎవరు రాయించుకుంటున్నారో వాళ్లే, సంతకం పెట్టేవాడి ఎదురుగా కూర్చుని పైకి చదవాలి. ఆ పని ఎగ్గొట్టిన కాగితం తన బల్ల మీద నుంచి లేవదు.

"చదువుండ్రి సాబ్," అన్నాడు.

కరుణాకర్ గొంతు సవరించుకున్నాడు. పరశురాములు బెంచీ కొసన కూర్చుని చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"నేను, అనగా పరశురాములు, నా రాజీఖుషీతో రాసి ఇచ్చునది ఏమనగా..." కరుణాకర్ మొదట గబగబా చదివాడు. రెండో పేరాకు వచ్చేసరికి వేగం తగ్గింది. "ఎవరికి ఏ నష్టం కలిగినా, ఆ నష్టం నా వల్ల అయినా, కాకపోయినా, ఎంత మొత్తమైనా, ఎప్పటికైనా పూర్తి బాధ్యత నాదే. కంపెనీకి ఎలాంటి బాధ్యతా లేదు." అక్కడ ఊపిరి పీల్చుకున్నాడు. మిగిలింది కానిచ్చి కాగితం బల్ల మీద పెట్టాడు.

"సమజైందా పరశురాములు?" రహీమ్ అడిగాడు.

"ఐంది." పరశురాములు పెన్ను అందుకున్నాడు. అందుకుని, సంతకం చోటు మీద కాకుండా పైన ఇంకెక్కడో చూస్తున్నాడు. "సేట్, గా కవరు పోస్టుల ఏసింది నేనే. ఎర్రగీతలు జూసిన. నచ్చనిదాని మీద మీరు గీత కొట్టిండ్రు గద. ఇండ్ల గూడ గట్ల ఒకటి కొట్టొచ్చునా?"

"ఏది?"

"నా వల్ల కాకపోయినా అన్నది. మిగిలింది ఉండనియ్యి. గదొక్కటి."

"కొట్టివేతలు చెల్లయ్," అన్నాడు కరుణాకర్ చిరాగ్గా. "ఉన్నదున్నట్టు పెట్టాలె. పెట్టకుంటే..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. పందిరి రేకు గాలికి టపటపా కొట్టుకుంది. రహీమ్ ఎర్రపెన్ను మూత తీసి పట్టుకుని ఉన్నాడు, చెప్తే కొట్టడానికి సిద్ధంగా.

"గీ మాటే మీకు పోస్టుల వచ్చిందని చెప్పిండ్రు గద సాబ్," అన్నాడు రహీమ్. వెక్కిరింతేమీ లేదు. గుర్తొచ్చింది, అన్నాడు.

కరుణాకర్ మొహం తిప్పుకున్నాడు. తిప్పుకుంటే నవత కనిపించింది. "సాక్షి సంతకం ముందు నువ్వు పెట్టు చెల్లె. ఐపోతది. సంతకమే గదా, ఏమైతది?"

తన మాటే. ఎన్నిసార్లు అన్నదో! నవత లేచి నిలబడింది. ఉద్యోగం పోతుందని తెలుసు. నిన్న సెంటర్‌లో నోరు మూసుకున్నది చాలు అనిపించింది.

"నేను పెట్టనన్నా. అప్పుడు చదవకుండ మిమ్మల్ని పెట్టుమన్న. ఇప్పుడు చదివిన. మీరు దేనికి భయపడ్డరో గదే ఇది. ఆ సర్టిఫికెట్ లేక సైటు ఆగింది గని, పరశురాములన్న వల్ల కాదు. నేను దీనికి సాక్షినెట్లయిత?"

పక్క బల్లల దగ్గర వాళ్లు తలలు తిప్పి చూశారు. కరుణాకర్ ఆమెను తిడతాడనుకుంది. ఆయన పరశురాములు చేతిలోని పెన్ను మెల్లగా తీసుకుని మూత పెట్టాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో కుక్కుకున్నాడు.

"నడువుండ్రి ఆఫీసుకు," అన్నాడు.

•

ఆఫీసుకొచ్చాక కూర్చోలేదు. నవత కుర్చీ వెనకే నిలబడ్డాడు.

"తెరువు దాన్ని."

"దేన్ని?"

"ఇంకేది? ఆ అగ్రిమెంటు."

ఆమె తెరిచింది. చివర్న చిన్న గడి, పక్కన ఒప్పుకుంటున్నాను అన్న మీట. మార్జిన్ లేదు, గీత కొట్టడానికి చోటు లేదు.

"ముందు చదువు. రహీమ్ భాయ్ కాడ చదివినట్టు."

ఆమె చదివింది. ఆ రెండు పేరాలూ వచ్చినప్పుడు "మల్లోసారి," అన్నాడు కరుణాకర్. మళ్లీ చదివింది.

"ఇది మంచి కాగితం కాదన్నా," అంది. ఈ మాట తన నోటి నుంచి వస్తుందని వారం కింద ఎవరైనా చెబితే నవ్వేది.

"నాకు తెల్వదా? మంచిది కాదనే గద ఇన్ని రోజులు గుంజిన." కరుణాకర్ జేబు తడుముకున్నాడు. మడత పెట్టిన కాగితం చేతికి తగిలింది. "నిచ్చెన కోసమని పరశురాములు పెట్టెతందుకు తయారైండు. నాకేం రోగం? జరుగు."

మౌస్ తనే పట్టుకున్నాడు. ఆ చేతికి అలవాటు లేదు. బాణం గడి దాటిపోయింది, వెనక్కి తెచ్చాడు. నొక్కాడు. నొక్కాక అరచేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

నవత సర్టిఫికెట్‌లో నంబర్లు ఎక్కించింది. ఒక్కో అంకె పైకి చదివింది. కరుణాకర్ పాత కాగితంలో వేలు పెట్టి ఊఁ అన్నాడు. ఒక అంకె దగ్గర ఆమె వేలు తడబడింది. "ఆగు," అన్నాడాయన. ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి చూసుకున్నారు. ఆ భయం ఎలాంటిదో ఇప్పుడు ఆమెకు తెలుసు.

వెంటనే ఏమీ కాలేదు. హైదరాబాద్ ఇంజినీరు కాసేపు ఆగమన్నాడు. దారిలో ఒక్కొక్కరూ సర్టిఫికెట్ చూసుకుని అవతలి చాటింపును వదిలేస్తూ రావాలి. భోజనాల వేళ దాటాక ఒక సైటు తెరుచుకుంది. కాసేపటికి ఇంకొకటి. నాలుగింటికి వినోద దగ్గర నుంచి ఫోను.

"తెరుచుకుంది," అంది పొడిగా. "నిన్న తెరుచుకుంటే ఏం పోయేది?"

"వస్తున్నమక్కా," అన్నాడు కరుణాకర్.

•

కళ్లమంతా తడి వడ్ల వాసన. ఆడవాళ్లు కాళ్లతో వరుసలు తీస్తూ ఆరబెడుతున్నారు. నాగయ్య కుప్ప అడుగున కొన్ని గింజలు నాని ఉబ్బి, మొలక రాబోయే చోట తెల్లగా పగిలాయి. ఆయన నాలుగు గింజలు తీసి కరుణాకర్ అరచేతిలో వేశాడు. కరుణాకర్ వాటిని చూసి, ఎక్కడ పెట్టాలో తెలియక, చేతిలోనే పట్టుకున్నాడు.

"తెచ్చినవా కాగితం?" వినోద అడిగింది.

కరుణాకర్ చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. ఆయన ఆ కాగితం తీసి నిలువునా చించాడు, అడ్డంగా చించాడు, ముక్కలు మళ్లీ జేబులోనే వేసుకున్నాడు.

"తెల్లకాగితమియ్యక్కా. నేను రాస్త."

వినోద పరీక్ష అట్టకు తగిలించి తెల్లకాగితం ఇచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని అట్ట మోకాలి మీద పెట్టుకున్నాడు. మొదటి వరుస రాయడానికి చాలాసేపు పట్టింది. రైతులు చుట్టూ చేరారు. తడిసిన వడ్లకు రేపు తనను అడుగుతారు, ఆ సంగతి ఆయనకూ తెలుసు, రాస్తున్న చేతిని చూస్తుంటేనే తెలుస్తోంది. పది మాటలకోసారి ఆగుతోంది. అయినా రాశాడు.

"సాక్షి ఎవలు?" వినోద అడిగింది.

కరుణాకర్ తలెత్తి చూశాడు. పరశురాములు గుంజ దగ్గర నిచ్చెన తాడు విప్పుకుంటున్నాడు. మిషను పెట్టె అప్పటికే తెరిచి, తడి లేదని చూసుకుని, చంకలో పెట్టుకున్నాడు.

"పరశురాములు, ఇటు రా. సాక్షి సంతకం పెట్టు."

ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని వచ్చాడు. పెన్ను తీసుకోలేదు.

"చదువు సేట్."

ఎవరో నవ్వబోయి ఆగారు. కరుణాకర్ చదివాడు, అందరికీ వినపడేట్టు.

"రెండు రోజులు సైటు తెరుచుకోకపోవడానికి కారణం మా కంపెనీ తీసుకోవలసిన సర్టిఫికెట్ తీసుకోకపోవడం. పొరపాటున ఆ పని ఆలస్యం అయింది. బాధ్యత నాది. లైన్‌మన్ పరశురాములు తప్పు ఏమీ లేదు."

నాగయ్య పరశురాములు వైపు చూసి చూపు దించుకున్నాడు. పోయి నిచ్చెన తాడు మిగతా ముడి తనే విప్పసాగాడు.

పరశురాములు కాగితం మీదికి వంగాడు. వేలు మాత్రం ఆనించకుండా పైనుంచే చూపించాడు.

"మీరు తెలిసే ఆపిండ్రు గద సేట్. గా 'పొరపాటున' అన్నదాని మీద గీత కొట్టొచ్చునా?"

కరుణాకర్ ఆయన మొహంలోకి చూశాడు. కోపం వచ్చినట్టే ఉంది. తర్వాత తల వంచి ఆ మాట మీద గీత కొట్టాడు. మార్జిన్‌లో పొట్టి సంతకం పెట్టాడు. కింద "ఒక కొట్టివేత గలదు" అని రాసి, పెన్ను పరశురాములు చేతికిచ్చాడు.